షిప్‌లో తిక్క మనుషులు ఉంటారా? మొదటిసారి ఎక్కేవాడు వాళ్లతో ఎలా నెట్టుకురావాలి?

కావలి దగ్గరి తమ్ముడొకరు అడిగిన ప్రశ్న ఇది. షిప్‌లో కింది స్థాయి పనులు నేర్పే ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు పూర్తయింది, వచ్చే నెల బల్క్ క్యారియర్ (బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టగా మోసే షిప్) ఎక్కబోతున్నాడు, తొమ్మిది నెలల కాంట్రాక్టు. "అన్నా, షిప్‌లో అర్ధరాత్రి తిరిగే కెప్టెన్లు, గరిటె పట్టుకొని తరిమే కుక్కులు, ఎవరితోనూ పలకని ఫిట్టర్లు ఉంటారంటున్నారు, నిజమేనా? అట్టాంటోళ్లతో తొమ్మిది నెల్లు ఎట్టా గడపాల? కార్గో షిప్‌లో ప్యాసింజర్లు కూడా ఎక్కుతారంట గదా? అమ్మ పచ్చళ్లు కడతానంటోంది, తీసకపోవచ్చా?"

నిజమే తమ్ముడూ, ఉంటారు. ప్రతి షిప్‌లో ఇద్దరు ముగ్గురికి తక్కువ కాకుండా ఉంటారు. కానీ నువ్వు భయపడాల్సినవాళ్లు కారు. వాళ్ల నిద్ర, వాళ్ల పనిముట్లు, వాళ్ల తిండి: ఈ మూడింటి జోలికి పోకు. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. షిప్‌లో తిక్కలా కనిపించే అలవాటును కొంచెం గీకి చూస్తే కింద పని బయటపడుతుంది. ఆ పనేంటో తెలిస్తే మనిషి అర్థమవుతాడు. ఏ పనీ బయటపడని తిక్క మాత్రం వేరే సంగతి, దాని గురించి కింద రాశాను.

ఇరవై, ఇరవై ఐదు మంది. దాదాపు రెండు వందల మీటర్ల ఇనుము. పెళ్లికొచ్చిన చుట్టాల్నే మూడో రోజుకు భరించలేం మనం. ఇక్కడ అవే ముఖాలు పొద్దునా రాత్రీ, తలుపు తీసుకొని బయటికి పోదామంటే నీళ్లు. ఆ లెక్కన చూస్తే జనం అంత మామూలుగా ఉండటమే నాకు వింతగా అనిపిస్తుంది.

ముందు పిలుపులు నేర్చుకో. ఇండియన్ క్రూ ఉంటే పాత మాటలు ఇంకా వినపడతాయి. డెక్ పనివాళ్లకు పెద్ద అయిన బోసన్‌ను సరంగ్ అంటారు, మన తీరంలో ఈ మాట కొత్తేం కాదు. స్టీరింగ్ పట్టేవాడు సుకానీ. వంటాయన భండారీ. చీఫ్ ఇంజనీరు బడా సాబ్, జూనియర్ ఇంజనీరు పాంచ్ సాబ్, ఎలక్ట్రికల్ ఆఫీసరు బత్తీ సాబ్. ఒకప్పుడు రేడియో ఆఫీసర్ని మార్కోనీ సాబ్ అనేవారు. 1999 ఫిబ్రవరి 1 నాటికి జీఎండీఎస్ఎస్ అనే కొత్త ఆపద సందేశాల వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చి ఆ ఉద్యోగమే పోయింది. రోజంతా చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఒంటరి గదిలో కూర్చునే ఆ జాతి గురించి పాతవాళ్లు చెప్పే కథలు ఇప్పటికీ మెస్‌రూముల్లో నడుస్తుంటాయి. మిక్స్‌డ్ క్రూ అయితే ఈ మాటలు వాడకు, హోదా పేరుతో పిలువు.

నిద్ర సంగతి. షిప్ నడిపే ఆఫీసర్లను మేట్‌లంటారు, వాళ్ల డ్యూటీ షిఫ్టులే వాచ్‌లు. సాధారణంగా మూడు: పన్నెండు-నాలుగు సెకండ్ మేట్, నాలుగు-ఎనిమిది చీఫ్ మేట్, ఎనిమిది-పన్నెండు థర్డ్ మేట్. రోజుకు రెండుసార్లు, నాలుగేసి గంటలు. అర్ధరాత్రి పన్నెండుకు ఎక్కి నాలుగింటికి దిగే సెకండ్ మేట్‌ను చూస్తే దెయ్యం పట్టినవాడేమో అనిపిస్తుంది. నువ్వు టిఫిన్ తినేటప్పుడు ఆయన నిద్రలో ఉంటాడు. మధ్యాహ్నం నువ్వు అన్నానికి వచ్చేసరికి ఆయన తినేసి షిప్ నడిపే గదికి, అంటే బ్రిడ్జి మీదకు, వెళ్లిపోయుంటాడు. వారాల తరబడి ఆ మనిషి నోటి నుంచి నీకు గుడ్‌మార్నింగ్ కూడా వినపడదు. నీ మీద కోపమేం కాదు, ఆయన రోజు, నీ రోజు కలవవు, అంతే.

డ్యూటీకి లేపే పని ఎక్కువసార్లు కొత్తవాడికే పడుతుంది. దాంట్లో తప్పు చేస్తే నెలంతా తిట్లే. పద్ధతి ఇదీ. వాచ్‌కు అరగంట ముందు కేబిన్‌కు ఫోన్ చెయ్యి. "టైమ్ ఇంత, వర్షం పడుతోంది, షిప్ రోల్ అవుతోంది" అని రెండు ముక్కలు చెప్పు, ఏం తొడుక్కోవాలో ఆయనకు తెలియాలి కదా. అవతల నుంచి ఊ అంటే సరిపోదు, నిద్రలో కూడా ఊ అంటారు. ఓ ప్రశ్న అడిగి జవాబు రాబట్టు. పదిహేను నిమిషాల ముందు ఇంకోసారి ఫోన్. ఎత్తకపోతే వెళ్లి తలుపు కొట్టు. మనిషిని తట్టి లేపకు, ముఖం మీద టార్చి వెయ్యకు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. వాచ్ తీసుకునే ఆఫీసరు కళ్లు చీకటికి సర్దుకున్నాకే బాధ్యత తీసుకోవాలని రూలు కూడా ఉంది. నువ్వు తెల్ల లైటు వేశావంటే ఆయన మళ్లీ మొదటికొస్తాడు. అదే కారణంతో, అకామడేషన్ (మనుషులు ఉండే కట్టడం) ముందువైపు కేబిన్ నీకిస్తే రాత్రి కర్టెన్ వేసి పెట్టుకో. నీ కిటికీ వెలుతురు ముందున్న హ్యాచ్‌ల (సరుకు గదుల మూతల) మీద పడితే బ్రిడ్జిలో ఉన్నవాడికి సముద్రం మీద చిన్న పడవ లైటు కనపడదు. మన జువ్వలదిన్నె, కొత్తపట్నం పడవలు అర్ధరాత్రి ఎంత లైటుతో తిరుగుతాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

గడియారం గొడవ ఇంకోటి. పడమరకు పోతుంటే 15 డిగ్రీలకోసారి గంట వెనక్కి తిప్పుతారు. ఆ రాత్రి ఒక గంట అదనం. అదంతా ఒక్కడి నెత్తిన పడకుండా చాలా షిప్పుల్లో మూడు వాచ్‌లకు ఇరవయ్యేసి నిమిషాలు పంచుతారు. ఈ ఇరవై నిమిషాల కోసం పిల్లలున్న మగాళ్లు పలకరింపులు మానేస్తారంటే నమ్ముతావా? నమ్ము. బోర్డు మీద రాసిన టైముకు రెండు నిమిషాలు ముందే వెళ్లి నిలబడు, ఆ తగాదాలో ఏ పక్షమూ కట్టకు.

అర్ధరాత్రి మూడింటికి చెప్పులతో బ్రిడ్జిలోకి వచ్చి, నిలబడి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయే కెప్టెన్‌కు పిచ్చి లేదు. ఇంజిన్ చప్పుడులో తేడా వచ్చినా, షిప్ ఊగే తీరు మారినా నిద్ర ఎగిరిపోవడం ఏళ్ల తరబడి పట్టిన అలవాటు. ఇంజనీర్లూ అంతే. ఇంజిన్ రూమ్‌లో రాత్రి మనుషులు ఉండని షిప్పుల్లో అలారం నేరుగా డ్యూటీ ఇంజనీరు కేబిన్‌లో మోగుతుంది. ఆయన కొన్ని నిమిషాల్లో కిందికి వెళ్లి అలారం అందిందని బటన్ నొక్కకపోతే మిగతావాళ్లకూ మోగుతుంది. అలాంటి మనిషి పక్కన మెస్‌లో మైక్రోవేవ్ కుయ్‌మందంటే చాలు, ప్లేటు వదిలేసి లేస్తాడు. నవ్వకు.

కుక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, తొమ్మిది నెలలూ నీ కడుపు ఆయన చేతిలో ఉంటుంది గనక. పొద్దున ఐదింటికల్లా గ్యాలీలో, అంటే వంటగదిలో, ఉంటాడు, రాత్రి ఏడు దాటాక వదులుతాడు. ఆదివారమూ అంతే. మూడు దేశాల నోళ్లకు రెండు చేతులతో వండుతాడు. రేవు వదిలిన వారం పది రోజులకు ఆకుకూరలు అయిపోతాయి, తర్వాత టమాటా వంతు. ఆఖరికి క్యాబేజీ, బంగాళదుంప, ఉల్లిపాయ, ఫ్రీజర్ మాంసం మిగులుతాయి. ఇరవయ్యో రోజున ప్లేటు చూసి "ఇయ్యాల కూడా క్యాబేజీయేనా?" అన్నావనుకో, గరిటె కథ నిజమవుతుంది.

గ్యాలీలో పాటించాల్సినవి:

అడక్కుండా గిన్నె మూత తీయకు. షిప్ రోల్ అయ్యేటప్పుడు గిన్నెల్ని స్టవ్ మీద ఇనుప కడ్డీల మధ్య బిగిస్తారు, పులుసు సగానికే పోస్తారు. నువ్వు మూత తీసిన క్షణంలో పెద్ద అల కొడితే ఒళ్లు కాలేది నీదే. కత్తులు అరువు అడగొద్దు, తాడు కోయడానికి అసలే తీసుకోవద్దు. వాచ్‌లో ఉన్నవాడి కోసం విడిగా తీసిపెట్టిన ప్లేటు మీద పేరో హోదానో ఉంటుంది, అది ముట్టుకుంటే కుక్‌తో పాటు ఇంకొకడు కూడా శత్రువవుతాడు. పనిలో తొడుక్కునే బాయిలర్ సూటుతో మెస్‌లోకి రాకు. ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి ఓ బస్తా ఉల్లిపాయలు వలిచిపెట్టు. ఆ ఒక్కపనితో వచ్చే మర్యాద వేరు.

కుక్ ఫిలిప్పీన్స్ మనిషైతే నీకు అదృష్టం ఒకటుంది. వాళ్ల సినిగాంగ్ అనే పులుసు చింతపండుదే. చింతపండును వాళ్లు సంపాలోక్ అంటారు. ఆ ముక్క పలికి "మా నెల్లూరులో చేపల పులుసు కూడా సంపాలోక్‌తోనే" అని చెప్పు. యాంకరేజీలో ఫిలిప్పినోలు లైటు వేలాడదీసి స్క్విడ్ పట్టిన రాత్రి నీకు గ్యాలీలో పొయ్యి దొరికినా దొరకొచ్చు. శనివారం రాత్రి కరోకే పెడితే మొహమాటపడకుండా ఓ పాట పాడు, గొంతు బాగుందా లేదా అని అక్కడ ఎవరూ మార్కులు వేయరు.

ఇక ఫిట్టర్. వెల్డింగ్, లేత్, పైపులు ఆయనవి. మాట తక్కువ. దుకాణంలో కొంటే దొరికే స్పానర్‌ను కూడా కన్నబిడ్డలా దాస్తాడు. ఎందుకంటే నడిసముద్రంలో దుకాణం లేదు, జనరేటర్ ఆగినప్పుడు సైజు స్పానర్ కోసం పది నిమిషాలు వెతికే స్థితి ఆయన ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటాడు. తీసుకునేటప్పుడు ఎందుకో, ఎప్పటికి తెస్తావో చెప్పు. గుడ్డతో నూనె తుడిచి, బెంచీ మీద పడేయకుండా చేతికే ఇవ్వు. వర్క్‌షాప్ గ్రైండర్ మీద అల్యూమినియం, ఇత్తడి ముక్కలు అరగదీయకు. మెత్తటి లోహం రాయి రంధ్రాల్లో నిండిపోయి, రాయి కోయడం మానేసి వేడెక్కుతుంది, పగిలి ఎగిరే ప్రమాదముంది. ఈ తప్పుకు ఆయన అరిచే అరుపు అన్యాయమేం కాదు.

బోసన్ బ్రష్షులు, పాత గుడ్డలు దాచిపెట్టుకుంటాడని నవ్వుతారు. స్టోర్ వచ్చేది నెలలకోసారి, అదీ అడిగినంత రాదు. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ పెయింటును డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, గంటల్లోనే వాడేయాలి. ఎండ మండే డెక్ మీద ఆ గడువు ఇంకా తగ్గుతుంది. టీకి పోయి వచ్చేలోపు బ్రష్షు కర్రలా గట్టిపడితే ఆయన దాచుకున్నదాంట్లో ఒకటి పోయినట్టు. పని ఆపిన వెంటనే థిన్నర్లో కడిగి, సబ్బునీళ్లతో ఉతికి, కాగితం చుట్టి అప్పగించు.

మూఢనమ్మకాల జాబితా పెద్దదే, అంతా చదవనక్కర్లేదు. ఈలవేయడం ఒక్కటి గుర్తుంచుకో. పాతవాళ్లు గాలివాన వస్తుందని తిడతారు. ఇంజిన్ రూమ్ వాళ్లకు ఇంకో కారణముంది: ఈల వినగానే ఎక్కడో గాలో ఆవిరో లీకవుతోందని చెవి అటు పోతుంది. మన వైపు నమ్మకాల్లో చిక్కు తెచ్చేది అగరబత్తీ. కేబిన్‌లోనో బయట అల్లీవేలోనో (నడవాలోనో) స్మోక్ డిటెక్టర్ ఉంటుంది. నువ్వు శుక్రవారం పూట వెలిగించిన రెండు పుల్లలకు బ్రిడ్జిలో ఫైర్ అలారం మోగుతుంది. కేబిన్‌లో నిప్పు, హీటర్ కాయిల్, సొంత రైస్ కుక్కర్ ఏవీ వద్దు. బ్యాటరీ దీపం ఒకటి పెట్టుకో, దేవుడేం అనుకోడు.

ప్యాసింజర్ల సంగతి. పన్నెండు మందికి మించి ప్యాసింజర్లు ఉంటే సోలాస్ అనే అంతర్జాతీయ నౌకా భద్రత ఒప్పందం ప్రకారం అది ప్యాసింజర్ షిప్ అయిపోతుంది, రూల్సన్నీ మారతాయి. పన్నెండు వరకూ కార్గో షిప్ తీసుకోవచ్చు. డబ్బు కట్టి సరదాకు ఎక్కేవాళ్లు ఎక్కువగా కంటైనర్ షిప్పుల్లో ఉండేవాళ్లు. కోవిడ్‌తో చాలా కంపెనీలు ఆపేశాయి. బల్క్ క్యారియర్ మీద నీకు తగిలే బయటివాళ్లు వేరు: ఆఫీసర్ల భార్యాపిల్లలు, ఆఫీసు నుంచి వచ్చే సూపరింటెండెంటు, రిపేరు గ్యాంగు, కొన్ని రూట్లలో తుపాకుల గార్డులు. వీళ్లను సూపర్‌న్యూమరరీలని, అంటే క్రూ కాని అదనపు మనుషులని, రాస్తారు. ఎక్కిన వెంటనే లైఫ్‌జాకెట్ ఎక్కడుందో, ఆపదలో అందరూ చేరే మస్టర్ స్టేషన్ ఏదో, ఏడు చిన్న కూతలు ఒక పొడుగు కూత వినపడితే ఏం చేయాలో చూపించాలి. ఆ పని నీకు అప్పగించొచ్చు. నోటితో చెప్పి వదిలెయ్యకుండా వాళ్లచేత జాకెట్ కట్టించి చూడు. ఫోన్ పట్టుకొని ఫొటోలకు డెక్ మీద తిరిగేవాళ్లను షిప్‌ను రేవుకు కట్టే తాళ్లు బిగిస్తున్నప్పుడు షిప్ ముందు చివరికీ వెనక చివరికీ రానివ్వకు. తెగిన తాడు వెనక్కి కొట్టే దెబ్బకు మనిషి మిగలడు.

సూయజ్ కాలువలో ఎక్కే బోటుమెన్, ఎలక్ట్రీషియన్ అసలు సిసలు ప్రయాణికులు. అవసరమైతే ఒడ్డుకు తాళ్లు అందించడానికి బోటుమెన్ వస్తారు, వాళ్ల పడవను షిప్ క్రేన్‌తో పైకి ఎత్తుతారు. షిప్ ముందువైపు సెర్చ్‌లైటు చూసుకోవడానికి ఎలక్ట్రీషియన్. దాటేందుకు పట్టే పన్నెండు, పదహారు గంటలూ పెద్దగా పని ఉండదు. అల్లీవేలో గుడ్డ పరిచి కీచైన్లు, బొమ్మలు, సిమ్‌కార్డులు అమ్మకానికి పెడతారు. సరదా మనుషులు. బేరమాడితే సంతోషిస్తారు, మొహం తిప్పుకుంటే అలుగుతారు. కేబిన్ తాళం మాత్రం వేసుకో, ఆ మాట ఏ రేవుకైనా వర్తిస్తుంది.

కృష్ణపట్నానికి వచ్చే బొగ్గు కొంత ఇండోనేషియా నుంచే. అక్కడ చాలాచోట్ల ఒడ్డుకు దూరంగా యాంకర్ వేసి బార్జీలనే బల్లపరుపు పడవల నుంచి ఎక్కిస్తారు. లోడింగ్ గ్యాంగు రోజుల తరబడి డెక్ మీదే టార్పాలిన్ కట్టుకొని ఉంటారు, వండుకుంటారు, నిద్రపోతారు. వాళ్లతో మంచిగా ఉండు కానీ రెండు విషయాల్లో గట్టిగా ఉండు: అకామడేషన్‌కు ఒక్క తలుపు తప్ప అన్నీ లోపల నుంచి గడియ, బొగ్గు దగ్గర బీడీ సిగరెట్ పొయ్యి ఏదీ కుదరదు.

టికెట్ లేని ప్రయాణికుడు స్టోఅవే. కొన్ని రేవుల్లో షిప్ వదిలే ముందు రెండు జట్లుగా వెతుకుతారు: చుక్కాని పైన ఉండే గది, క్రేన్ క్యాబిన్లు, చెయిన్ లాకర్, హోల్డు దిగే చిన్న మూతలు, లైఫ్‌బోట్లు, ఫన్నెల్ (పొగగొట్టం) లోపల. దొరికితే ఒంటరిగా దగ్గరికి పోకు, ముందు బ్రిడ్జికి చెప్పు. తర్వాత వాళ్లకు తిండి, నీళ్లు, పడక, జబ్బు చేస్తే మందులు ఇవ్వాల్సిందే. వాళ్లచేత డెక్ పని చేయించకూడదు. కొట్టడం, తిట్టడం, బెదిరించడం అసలే కూడదు. తలుపు సందులోంచి వాళ్లు చెప్పే కథలు ప్రతిసారీ మారుతుంటాయి. రాసిపెట్టేది కెప్టెన్ పని, నువ్వు విచారణ మొదలుపెట్టకు.

ఇప్పుడు ఇందాక ఆపిన ముక్క. కొన్నింటిని తిక్క అని నవ్వి వదిలెయ్యకూడదు. ఎప్పుడూ మెస్‌కు వచ్చేవాడు వరసగా రెండు మూడు పూటలు రాలేదు. ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. ఇష్టంగా దాచుకున్న వస్తువులు పంచేస్తున్నాడు. రాత్రిపూట ఒక్కడే వెనక రెయిలింగ్ దగ్గర నిలబడుతున్నాడు. వీటిలో రెండు కలిసి కనపడ్డా ఆగకు. పక్కన కూర్చో, టీ ఇవ్వు, ఎలా ఉన్నావని సూటిగా అడుగు, అదే రోజు చీఫ్ మేట్‌కో కెప్టెన్‌కో చెప్పు. చాడీ అవుతుందేమోనని జంకకు. సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత సేవ రోజుకు ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, నంబరు ఇంటి దగ్గరే ఫోన్‌లో ఎక్కించుకో.

తాగి డ్యూటీకి వచ్చేవాడు రెండో రకం. అంతర్జాతీయ పరిమితి రక్తంలో 0.05 శాతం, చాలా కంపెనీల్లో సున్నా. నవ్విస్తాడు, పాడతాడు, అందరికీ ఇష్టుడై ఉంటాడు. వాడు పట్టుకున్న తాడు చివర నువ్వుంటావు.

మూడోది, తిక్క పేరుతో జరిగే పెత్తనం. ఎంఎల్‌సీ అనే నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పదీ రెండు ముక్కలకు మించకూడదు, ఒక ముక్క 6 గంటలకు తగ్గకూడదు. "ఆయన అంతే, ఆయన పద్ధతి అంతే" అంటూ నిద్ర లేకుండా పని చేయించి, చేయని విశ్రాంతి రాసి సంతకం పెట్టమంటే పెట్టకు. అసలు గంటలు నీ నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో. ఇంజిన్ రూమ్ నీళ్లలో నూనె 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15) దాటితే సముద్రంలోకి పోకూడదు. నూనెను వేరుచేసే మెషీన్‌ను తప్పించి పైపు కలపమంటే అది ఏ సాబ్ మాటైనా జైలు పని. వేధింపులైతే షిప్ లోపలి ఫిర్యాదు పద్ధతి కాగితం ఎక్కిన రోజే నీ చేతికి ఇవ్వాలి, కంపెనీ డీపీఏ (షిప్ భద్రత చూసే ఒడ్డు మీది అధికారి) నంబరు నోటీసుబోర్డు మీద ఉంటుంది. మొదటి రోజే ఫొటో తీసుకో.

చివరిగా పచ్చళ్లు. తీసుకెళ్లు. నూనె ఎక్కువున్నవి, నీళ్లు తగలనివి: ఆవకాయ, గోంగూర, ఎండుమిరప కారం. గాజు సీసాలు వద్దు. ప్లాస్టిక్ డబ్బాలో పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచి, మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, బట్టల మధ్య చెకిన్ బ్యాగులో పెట్టు. చేతిబ్యాగులో పెడితే సెక్యూరిటీలో ఆపుతారు. షిప్ ఎక్కేది ఆస్ట్రేలియాలో అయితే విమానంలో ఇచ్చే కార్డులో తినుబండారాలు ఉన్నాయని తప్పకుండా టిక్ పెట్టు. దాస్తే జరిమానా, చెబితే మహా అయితే ఓ డబ్బా పోతుంది. రెండు కిలోలకు మించొద్దు. ఒక డబ్బా మాత్రం వేరే కట్టించు, ఎక్కిన రోజు సాయంత్రం గ్యాలీలో ఇవ్వడానికి. ఎంత కారమో ముందే చెప్పి ఇవ్వు.